ఎక్కుతుంది సరే, దిగుతుందా?

నర్సీపట్నం

చి. మేనల్లుడికి మీ మావయ్య ఆశీస్సులు.

ముందు మీ అమ్మ ఫోను వచ్చింది, ఆ వెనకే నీ ఉత్తరం. మీ అమ్మ కంగారు చూసి మీ మావయ్య నవ్వుకున్నాడు గానీ, నీ ఉత్తరం చదివాక ఆ నవ్వు కాస్తా పోయింది. పాత ఫోర్‌వీల్ పికప్ కొన్నావు, కాఫీ తోట పనికి తగ్గట్టు తిరగ్గట్టిస్తానంటున్నావు. అక్కడిదాకా సంతోషమే. వించి ఎక్కడ బిగించాలో రాశావు, టైర్లు ఎంత ఎత్తువి వెయ్యాలో రాశావు, టాపు మీద లైట్ల పట్టీ ఎంత పొడవుండాలో కూడా రాశావు. బ్రేకు అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. మీ అత్తను అడిగి కళ్లజోడు తెప్పించుకుని మళ్లీ చదివినా కనిపించలేదు.

బండి ఎంపికకు మాత్రం వంక పెట్టడానికి లేదు. బొలెరో క్యాంపర్ అంటే జీపు వంశమే. 1945లో లూథియానాలో మహీంద్రా అండ్ మొహమ్మద్ పేరుతో మొదలైన కంపెనీ అది. అందులో భాగస్వామి గులాం మొహమ్మద్ దేశ విభజన తర్వాత పాకిస్తాన్‌కు తొలి ఆర్థిక మంత్రి, ఆ తర్వాత గవర్నర్ జనరల్ అయ్యాడు. ఇక్కడ మిగిలినవాళ్లు పేరు మార్చుకుని విల్లీస్ జీపులు బిగించి అమ్మారు. ఆ జీపులే మన ఏజెన్సీ కొండలకు మనుషుల్ని, సరుకుల్ని, రోగుల్ని మోశాయి. నీ బండిలోని 2523 సీసీ డీఐ ఇంజను విప్పడం తెలియని మేస్త్రీ మన వైపు ఉండడు. నాజిళ్లు, పంపు, హెడ్ గాస్కెట్ అతనే చూసుకుంటాడు. ఇంజను గురించి ఇంతకంటే రాయాల్సింది లేదు. ఇంజను చెడితే బండి రోడ్డు పక్కన ఆగుతుంది, అంతే కదా!

బ్రేకు చెడితే ఏమవుతుందో నీకు వేరే చెప్పాలా? ఆ దసరా ముందురోజు సంగతి ఇక్కడ మళ్లీ ఎత్తడం లేదు. ఘాట్ దిగేటప్పుడు మీ అమ్మ ఈనాటికీ కిటికీ వైపు ఎందుకు కూర్చోదో మన ఇంట్లో తెలియనివాళ్లు లేరు.

పాడేరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి వడ్డాది వైపు మైదానానికి వచ్చేసరికి బండి దాదాపు 800 మీటర్లు కిందికి దిగుతుంది. లోడుతో కలిపి 2,700 కిలోల బండి అంత ఎత్తు నుంచి దిగితే పుట్టే శక్తినంతా బ్రేకులే మింగాలనుకో, ఆ వేడితో సుమారు 70 లీటర్ల చన్నీళ్లు మరిగిపోతాయి. పెళ్లివారి వంటశాలలో గంగాళం కింద మండే పొయ్యంత మంట నాలుగు చక్రాల్లో ఉన్నట్టు లెక్క. ఆ శక్తిలో కొంత గాలికి పోతుంది, కొంత ఇంజను పట్టి ఆపుతుంది, నిజమే. కానీ ఇంజనుకి పంచాల్సిన వాటాను పంచేది డ్రైవరే. దిగుడులో రెండో గేరో మూడో గేరో వేసి, కాలు పెడల్ మీద నుంచి తీసి ఉంచేవాడికి బ్రేకులు మిగులుతాయి. డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్ కొట్టి దిగేవాడికి మిగలవు. ఇంజను కూడా ఆపేసి దిగే మహానుభావులు ఇంకా ఉన్నారు. డీజిలు బండిలో బ్రేకు బూస్టర్‌కి వాక్యూమ్ ఇచ్చే పంపు ఇంజను తిరిగితేనే తిరుగుతుంది. అది ఆగాక ఒకటి రెండు తొక్కులకు బూస్టర్‌లో నిల్వ ఖాళీ అవుతుంది. ఆ తర్వాత పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది.

ఇక బ్రేక్ ఆయిల్. దీన్ని గురించి ఎవరూ మాట్లాడరు, అందుకే మీ మావయ్య మాట్లాడతాడు. అది గాల్లో తేమను లాక్కుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 140 డిగ్రీలకే మరగొచ్చు. డాట్ 4కి ఆ అంకెలు 230, 155. ఘాట్ మధ్యలో డ్రమ్ములు కాగి ఆ వేడి వీల్ సిలిండర్‌కి ఎక్కితే, తేమ పట్టిన ఆయిల్ అక్కడ మరిగి ఆవిరవుతుంది. ఆవిరి నొక్కితే అణిగిపోతుంది, చక్రాన్ని పట్టదు. పెడల్ అడుగుదాకా దిగిపోతుంది, బండి మాత్రం దిగుతూనే ఉంటుంది. మన్యం వానల్లో ఎన్నేళ్లు నానిందో తెలియని బండి నీది. పాత ఆయిల్ మొత్తం పారబోయించి, డబ్బా మీద రాసిన రకమే కొత్తది పోయించు. రెండేళ్లకోసారి మార్పించు. సగం వాడి మూత వదులుగా పెట్టిన సీసా ఎవరిచ్చినా తీసుకోకు.

భోజనం వేళకు తింటున్నావా? ఫోటోలో చిక్కిపోయినట్టున్నావని మీ అత్త అంటోంది. బండి కింద పడుకుని పని చూసేవాళ్లకు ఆకలి తెలియదు, ఇది అనుభవం మీద చెప్తున్న మాట.

మీ మావయ్య కుర్రతనంలో పనిచేసిన షెడ్డులో ఒక ముసలి మేస్త్రీ ఉండేవాడు. బ్రేకుల్లో ఎయిర్ తీసేటప్పుడు పెడల్ తొక్కే కుర్రాడి చెప్పులు విప్పించేవాడు. పెడల్ మెత్తగా దిగుతోందా, గట్టిగా నిలబడుతోందా అన్నది అరికాలికి తెలియాలనేవాడు. ఆయన జీపు హ్యాండ్ బ్రేకుని అసలు నమ్మేవాడు కాడు. పాత జీపుల్లో అది చక్రాల మీద ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనకాల, ప్రొపెల్లర్ షాఫ్ట్ మొదట్లో ఒక చిన్న డ్రమ్ము ఉంటుంది, హ్యాండ్ బ్రేకు దాన్నే పడుతుంది. ఓసారి వాలులో ఆగిన జీపుకి కొత్త క్లీనరు హ్యాండ్ బ్రేకు లాగి, వెనక చక్రం ఒకటి జాకీతో ఎత్తాడు. షాఫ్టు కదల్లేదు గానీ, ఎత్తిన చక్రం గాల్లో ఒకవైపు తిరిగితే నేల మీద ఉన్న రెండో చక్రం దానికి ఎదురు తిరిగింది. డిఫరెన్షియల్ స్వభావమే అంత. జీపు జాకీ మీద నుంచి జారి, నింపాదిగా వెళ్లి ఒకరి గడ్డిమేటులో ఆగింది. మేస్త్రీ ఒక్క మాటా అనలేదు. ఆ రోజు నుంచి షెడ్డులో ప్రతి చక్రానికీ అడ్డురాయి పడింది. నీ క్యాంపర్ హ్యాండ్ బ్రేకు వెనక డ్రమ్ముల మీదే పనిచేస్తుంది, అయినా సీటు వెనక రెండు చెక్క దిమ్మెలు పెట్టుకో.

ఆ రోజుల్లో చాలా జీపులకు మాస్టర్ సిలిండర్ ఒకే దారిది. ఏ ఒక్క చక్రం దగ్గర పైపు తెగినా నాలుగు బ్రేకులూ పోయేవి. నీ బండికి రెండు దారులు ఉంటాయి, ఒకటి పోయినా రెండోది ఎంతో కొంత పడుతుంది. ఆ ధైర్యంతో పని వాయిదా వేస్తావేమోనన్నదే ఇక్కడి భయం. పని మొదలెట్టే రోజు మేస్త్రీ పక్కన నువ్వు కూర్చో. ప్రతి వీల్ సిలిండర్ రబ్బరు టోపీ అంచు వేలితో ఎత్తి చూడు. లోపల తడి కనిపిస్తే అది కారుతున్నట్టే. వెనక డ్రమ్ము విప్పితే లైనింగ్ మీద గేర్ ఆయిల్ జిడ్డు ఉందేమో చూడు. ఉంటే హౌసింగ్ సీలు పోయింది. పెట్రోలుతో కడిగి మళ్లీ బిగించేద్దాం అంటారు, ఒప్పుకోకు, కొత్త లైనింగే వేయించు. రబ్బరు హోస్ పైపులు పైకి బాగానే ఉండి లోపల ఉబ్బిపోతాయి. అప్పుడు ఆయిల్ ముందుకు వెళ్తుంది గానీ వెనక్కి రాదు, బ్రేకు పట్టుకునే ఉండి చక్రం కాగుతుంది. అవి ఖరీదైనవేమీ కావు, అన్నీ మార్పించెయ్.

నీ పెద్ద టైర్ల ముచ్చట కూడా తిరిగి తిరిగి ఇక్కడికే వస్తుంది. టైరు వ్యాసార్థం పదో వంతు పెరిగితే, అదే బ్రేకు అదే బలంతో పట్టినా నేల మీద ఆపే శక్తి దాదాపు పదో వంతు పడిపోతుంది. స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది. వెనక అదనపు కమాన్ పట్టీలు వేయిస్తానన్నావు కదా, దాని కథ ఇంకా చిత్రం. కొన్ని పికప్పులకు వెనక ఆక్సిల్ దగ్గర లోడును కనిపెట్టే వాల్వు ఉంటుంది. సరుకు ఎక్కి తొట్టి కిందికి దిగితే ఒక కడ్డీ కదిలి, వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి వెళ్తుంది. కమాన్లు గట్టిపడి తొట్టి దిగకపోతే, నిండు లోడు మీదున్నా బండి ఖాళీగా ఉందనే ఆ వాల్వు అనుకుంటుంది. నీ బండి కింద ఆ కడ్డీ ఉందో లేదో, ఉంటే ఎవరైనా తీగ చుట్టి కట్టేశారో ముందు చూడు.

టైర్ల విషయంలో ఇంకో మాట. నీ బండి ఫోర్‌వీల్‌కి మధ్యలో డిఫరెన్షియల్ లేదు. ముందు, వెనక షాఫ్టులు కలిసి తిరగాల్సిందే. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం వెళ్తాయి, ఆ తేడా బురదలో జారి సర్దుకుంటుంది గానీ ఎండిన తారు మీద సర్దుకోదు. క్రాసులు, గేర్లు బిగుసుకుపోతాయి. కాబట్టి ఫోర్‌వీల్ తోట దారికే. స్టెప్నీతో సహా అన్ని టైర్లూ ఒకే సైజు ఉండాలి. తోటలో నిట్టనిలువు దిగుడు వస్తే లో గేరులో మొదటి గేరు వేసి వదిలెయ్, ఇంజనే పట్టుకుని దింపుతుంది. కంపెనీవాడు ఇచ్చిన ఆ లో గేరు ముందు నువ్వు కొనబోయే వించి దండగ.

వించి కోసం ముందు ఇనుప గార్డు కట్టించాలనుకుంటే అది చట్టం దృష్టిలోనూ కుదరదు. అలాంటి గార్డులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు విరుద్ధమని కేంద్రం 2017 డిసెంబరులో రాష్ట్రాలకు రాసింది. తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చింది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ చూపించాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు నిలబడి లైట్ల పట్టీ గురించి వాదించడం ఎందుకు?

తొట్టి సంగతి నీ ఇష్టానికే వదిలేస్తున్నాడు మీ మావయ్య, ఒక్క లెక్క తప్ప. మూడు మిల్లీమీటర్ల ఇనుప రేకు చదరపు మీటరుకు సుమారు 23.5 కిలోలు తూగుతుంది. నీ తొట్టికి పట్టే రేకు నాలుగు చదరపు మీటర్లు అనుకుంటే 94 కిలోలు. బలంగా ఉండాలని ఐదు మిల్లీమీటర్లది వేయిస్తే మరో 63 కిలోలు పైన పడతాయి. కాఫీ వ్యాపారంలో ప్రపంచమంతా బస్తా అంటే 60 కిలోలని లెక్క, అంటే బస్తాకి పైగా సరుకు నువ్వు రాకపోకలు రెండింటా ఊరికే మోస్తావు. మూడు చాలు. తాళ్లు కట్టే కొక్కేలు మాత్రం దండిగా పెట్టించు. ఎరువు బస్తాలు దించిన సాయంత్రమే తొట్టి కడిగించు, ఎరువు ఉప్పు రేకుని తినేస్తుంది. కమాన్ హ్యాంగర్లు ఛాసిస్‌కి అతికే చోట సుత్తితో కొట్టి చూడు. రేకు మోగాలి, పొడి రాలకూడదు. టింకరింగ్ కుర్రాళ్లు పుట్టీ పెట్టి నునుపు చేస్తే అయస్కాంతం పెట్టి చూడు, పుట్టీకి అంటుకోదు.

మీ నాన్న ఉంటే ఇదంతా ఇంత పొడుగ్గా చెప్పేవాడు కాడు. ఒకసారి బండి కింద దూరి, బయటికొచ్చి చేతులు తుడుచుకుని, ఊరుకునేవాడు. మీ మావయ్యకు ఆ విద్య రాలేదు.

పాడేరు ఘాట్‌లో మోదకొండమ్మ పాదాల దగ్గర డ్రైవర్లు ఆగి దణ్ణం పెట్టుకుంటారు. నువ్వూ ఆగు. అమ్మవారికి దణ్ణం అవుతుంది, డ్రమ్ములకూ చల్లారే వ్యవధి దొరుకుతుంది. దిగిన వెంటనే చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడు. తాకకు, దగ్గరగా పెట్టు చాలు. నాలుగింటిలో ఒకటే మరీ కాగితే అక్కడ ఏదో పట్టేస్తోంది.

లైట్ల పట్టీకి, వించికి దాచిన డబ్బు ముందు బ్రేకుల మీద పెట్టు. మిగిలితే చూద్దాం. ఆ పని పూర్తయ్యేదాకా తొట్టిలో ఒక్క బస్తా కూడా ఎక్కించకు. మొదటిసారి లోడుతో వడ్డాది వైపు దిగే ముందు కబురు పెట్టు. మీ మావయ్య పొద్దుటి బస్సెక్కి పాడేరు వచ్చి పక్క సీట్లో కూర్చుంటాడు. ఈలోగా మీ అమ్మకు ఒకసారి ఫోను చెయ్యి.

ఆశీస్సులతో,
మీ మావయ్య