ఉత్తర తెలంగాణ నేలల్లో గుడ్డిపాము: గుర్తింపు, సహజ చరిత్ర

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో తొలకరి వానలు పడగానే పెంటకుప్పల కింద, పూలకుండీల అడుగున వానపామును పోలిన సన్నని నల్లని జీవి కనిపిస్తుంది. విషసర్పపు పిల్లగా భావించి దీనిని చంపడం పరిపాటి. ఇది విషరహితమైన గుడ్డిపాము. శాస్త్రీయ నామం ఇండోటిఫ్లాప్స్ బ్రామినస్.

ఈ పాము శాస్త్ర చరిత్ర తెలుగు నేలతోనే మొదలైంది. విశాఖపట్నంలో లభించిన దీనిని పాట్రిక్ రస్సెల్ 1796 నాటి తన గ్రంథంలో చిత్రించి, ‘రెండు తలల పాము’ అనే స్థానిక నామాన్ని నమోదు చేశాడు. ఆ వివరణ ఆధారంగా 1803లో దోదాన్ దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. నేడు ఆ తెలుగు పేరు మందపాటి ఇసుక బోవాకు ఎక్కువగా వాడుకలో ఉన్నందున, పేరును కాక లక్షణాలను బట్టి గుర్తించాలి.

పొడవు సాధారణంగా 15 సెం.మీ. లోపే. శరీరం చుట్టూ 20 వరుసల నునుపైన పొలుసులుంటాయి. వానపాముకు ఉంగరాల వంటి ఖండితాలుంటాయి, పొలుసులుండవు. కట్లపాము, నాగుపాము పిల్లలకు పొట్టపై వెడల్పైన పొలుసులుంటాయి; గుడ్డిపాముకు పొట్ట, వీపు పొలుసులు ఒకే తీరుగా ఉంటాయి. కళ్ళు పొలుసు కింద నల్లని చుక్కలుగా కనిపిస్తాయి. అవి వెలుగు, చీకటి భేదాన్ని మాత్రమే గ్రహిస్తాయి. మొండి తోక చివర చిన్న ముల్లు ఉంటుంది. అది గుచ్చుకున్నా ప్రమాదం లేదు.

ద్వీపకల్ప భారతంలో కనిపించే మరో జాతి గ్రైపోటిఫ్లాప్స్ అక్యూటస్. దీని ముట్టె కొక్కెంలా వంగి ఉంటుంది, 60 సెం.మీ. వరకు పెరగగలదు. ఇది కూడా విషరహితమే.

బ్రామినస్ జాతిలో ఆడ పాములే ఉంటాయి. మూడు సమితుల క్రోమోసోములు గల ఈ పాము మగదాని అవసరం లేకుండా అనిషేక జననం ద్వారా గుడ్లు పెడుతుంది. అందువల్ల కుండీ మట్టిలో చేరిన ఒక్క పాము నుండే కొత్తచోట సంతతి ఏర్పడగలదు. మొక్కల రవాణాతో ఇది అనేక ఖండాలకు వ్యాపించింది.

చీమలు, చెదపురుగుల గుడ్లు, లార్వాలు, ప్యూపాలు దీని ఆహారం. విత్తనాన్ని గాని, వేరును గాని తినదు. అయితే ఇది చెదలను పూర్తిగా అదుపు చేస్తుందని రైతులకు చెప్పడం అతిశయోక్తి. బాగా మాగిన ఎరువునే వాడమనే సిఫారసుకు ఇది ప్రత్యామ్నాయం కాదు.

విస్తరణ శాస్త్రవేత్తలు రైతు శిక్షణలో ఈ గుర్తింపు లక్షణాలను చిత్రాలతో బోధించాలి. జాతి విషయంలో ఏ మాత్రం సందేహమున్నా చేతితో తాకరాదు. కట్లపాము పిల్ల కాటు కూడా ప్రాణాంతకం కావచ్చు. పాము కరిస్తే గుర్తింపు కోసం కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తరలించాలి. గుడ్డిపాము అని నిశ్చయమైనపుడు దానిని పారతో మట్టిసహా ఎత్తి గట్టు పక్కన వదిలితే చాలు.