చెన్నపురి నాణెముల సేకరణము – ధవళేశ్వరపు నిక్షేపము

పొలములో పాత బంగారు నాణెము దొరకినవాడు కంసాలియొద్దకు పోవుట లోకమున గలదే. మూసలో కరిగినను బంగారము బంగారముగానే మిగులును గాని దానిపైనున్న రాజు పేరు మరల రాదు. అట్లు కరగక మిగిలినవానిని గూర్చియుంచిన గొప్ప భాండారములలో నొకటి చెన్నపురి ప్రభుత్వ మ్యూజియమునందున్నది.

ఆ మ్యూజియము 1851లో స్థాపింపబడెను. 1885లో దాని యధికారియైన థర్‌స్టన్ దొర నాణెముల పట్టికలను వ్రాసి యచ్చొత్తించెను. ఉత్తర సర్కారులలో పనిచేసిన సర్ వాల్టర్ ఇలియట్ దొర దక్షిణదేశపు నాణెములపై 1886లో గ్రంథమును ప్రకటించెను. ఆయన కూర్చిన నాణెములు మాత్రము లండనులోని బ్రిటిషు మ్యూజియమునకు చేరినవి.

చెన్నపురి సేకరణమునకు బలము 1878 నాటి నిక్షేప చట్టము. పదిరూపాయలకు మించిన నిక్షేపము దొరకినచో కలెక్టరునకు తెలుపవలెను. ప్రభుత్వము దానిని గైకొన్నయెడల లోహపు వెలకు అయిదవవంతు చేర్చి యిచ్చును. దాచినవాడు తన భాగమును గోల్పోవుటయేగాక శిక్షకును పాత్రుడగును. ఆ యయిదవవంతు చాల తక్కువయని మా యభిప్రాయము.

గోదావరి పాయలుగా చీలు ధవళేశ్వరము మన కోనసీమకు పొరుగూరు. అచ్చట దొరకిన బంగారు నిక్షేపమున తూర్పుచాళుక్యుల నాణెములును చోళుల నాణెములును కలసియుండెను. చెన్నపురి మ్యూజియమువారు దానినిగూర్చి ప్రత్యేక గ్రంథమునే వెలువరించిరి.

రాజరాజనరేంద్రుని నాణెము పలుచని రేకు. నడుమ వరాహము, దానిపై గొడుగు, ఇరుప్రక్కల చామరములు. అంచున రాజు పేరులోని అక్షరములను ఒక్కొక్కటిగా వేరువేరు ముద్రలతో కొట్టిరి. నన్నయచే భారతమును వ్రాయించిన ఈ ప్రభువు రాజేంద్రచోళుని యల్లుడు. ఆ చుట్టరికమును శాసనములు చెప్పుచున్నవి. ఇరువంశముల బంగారమును ఒక్కచోట దాచుకొనిన పేరులేని గృహస్థుడు ఆ రెండునాణెములును ఈ గట్టున చెల్లెనని మనకు దెలుపుచున్నాడు. విడివిడిగా అమ్ముడుపోయినచో ఈ సాక్ష్యము నశించియుండెడిది. రాజరాజు నాణెములు సముద్రము దాటి అరకాను తీరపు చెదూబా దీవిలోను, సయాములోను గూడ దొరకినవి.

విద్యార్థులలో నెవరికైన నిట్టిది కనబడినచో చింతపండుతో తోమరాదు. అరిగిన అక్షరము మరింత యరుగును. దొరకిన చేను, లోతు, ప్రక్కనున్న పెంకులు మొదలగువానిని వెంటనే కాగితముపై వ్రాసికొని, కాగితమును నాణెమును కలిపి కచేరీకి కొనిపోవలెను.