పాత ట్రాక్టరు బ్యాటరీని కాపాడుకొను విధము

తొలకరి వాన పడి నేల పదునుకు వచ్చిననాడు ట్రాక్టరు కదలకపోయినచో రైతుకు కలుగు నష్టము చిన్నది కాదు. తేలిక నేలలలో పదును త్వరగా ఆరిపోవును. వేసవి అంతయు పాకలో నిలిచిన పాత ట్రాక్టరు ఆనాడు మొరాయించుటకు తరచుగా కారణము ఇంజను కాదు, బ్యాటరీయే.

బ్యాటరీని వాడకపోయినను దానిలోని విద్యుత్తు కొద్దికొద్దిగా తరుగుచునే ఉండును. ఎండ హెచ్చినకొలది ఈ తరుగుదల హెచ్చును. సగము ఖాళీ అయిన బ్యాటరీ నెలల తరబడి అట్లే నిలిచినచో సీసపు ప్లేట్లపై తెల్లని సల్ఫేటు గట్టిపడును. ఆ పిమ్మట ఎంత ఛార్జి చేసినను బ్యాటరీకి పూర్వపు బలము రాదు.

కొందరు వారమునకొకసారి ఇంజను స్టార్టు చేసి, ఐదు నిమిషములు నెమ్మదిగా తిరుగనిచ్చి ఆపివేయుదురు. దీనివలన మేలు కన్న కీడే ఎక్కువ. పాత ట్రాక్టర్ల డైనమో, ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు దాదాపు ఏమియు ఛార్జి చేయదు. స్టార్టరు లాగుకొన్న విద్యుత్తు తిరిగి చేరక బ్యాటరీ వారము వారము నీరసించును. కావున ఈ క్రింది పద్ధతులు పాటింపవలెను.

1. దుక్కి పనులు ముగియగనే బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేయించవలెను. కొన్ని గంటలు విడిచి వోల్టుమీటరుతో చూచిన, 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపవలెను.

2. ఎర్త్ తీగను ముందుగా విప్పవలెను. తిరిగి బిగించునపుడు దానిని చివర బిగించవలెను.

3. నెలకొకసారి పరీక్షింపవలెను. 12.4 వోల్టులకు దిగినచో మరల ఛార్జి చేయవలెను. 75 ఆంపియర్-గంటల బ్యాటరీకి 7.5 ఆంపియర్లు మించనీయరాదు.

4. మూతలు గల బ్యాటరీలో ప్లేట్లు ఎన్నడును బయటపడరాదు. తగ్గినచో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయవలెను. బావి నీరు, కుళాయి నీరు, ఆమ్లము పోయరాదు.

5. కొసలపై పట్టిన తెల్లని పొడిని వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, తుడిచి, వాజలైను పూయవలెను. సోడా నీరు సెల్లులలో పడనీయరాదు.

6. డైనమో బెల్టు వదులుగా ఉండరాదు. ఇంజను పని వేగముతో నడుచునపుడు బ్యాటరీ వద్ద సుమారు 13.8 నుండి 14.4 వోల్టులు రానిచో డైనమోను, రెగ్యులేటరును మెకానిక్కుకు చూపవలెను.

ఛార్జి అగునపుడు వెలువడు వాయువు మండును. దగ్గర బీడీ, దీపము ఉండరాదు. ఆమ్లము ఒంటిపై పడినచో వెంటనే ధారాళముగా నీటితో కడుగవలెను. కంటిలో పడినచో కడిగి, ఆలసింపక వైద్యుని వద్దకు పోవలెను.

మృగశిర ప్రవేశించిన పిదప ఛార్జింగు దుకాణము వద్ద వరుసలో నిలుచుటకన్న, రోహిణిలోనే ఒకమారు చూచుకొనుట మేలు. గ్రామాధికారులు కూడ ఈ సంగతిని ట్రాక్టరు యజమానులకు ముందుగా గుర్తు చేయుట మంచిది. ఒక్క ట్రాక్టరు ఆగినచో దానిని బాడుగకు నమ్ముకొన్న చిన్న రైతుల పొలములు కూడ ఆగిపోవును గదా!