ఇంటిపేరు మారితే తండ్రి బాధ్యత తీరిపోతుందా?

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: విడాకులై రెండేళ్లయింది. పాపను ఆరో తరగతిలో చేర్చేటప్పుడు మా పుట్టింటి పేరు రాయించాను. అది తెలిసి ఆయన, "నా ఇంటిపేరే అక్కర్లేనప్పుడు నా డబ్బు మాత్రం దేనికి?" అని మెసేజ్ పెట్టారు. కోర్టు చెప్పిన డబ్బు మూడు నెలలుగా పంపడం లేదు. చేజేతులా పాప నోటి దగ్గర ముద్ద తీసేశానేమోనని నిద్ర పట్టడం లేదు.
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు పాపకు ఏ అన్యాయమూ చేయలేదు. ముందు ఆ దిగులు వదిలేయండి. బిడ్డను పోషించే బాధ్యత కన్నందుకు వచ్చింది గానీ ఇంటిపేరు ఇచ్చినందుకు కాదు. భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 144వ సెక్షన్ పెళ్లితో పుట్టిన బిడ్డకూ, పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డకూ కూడా తండ్రి దగ్గర మెయింటెనెన్స్ అడిగే హక్కునిచ్చింది. 2024 జూలై 1కి ముందు అందరూ 125 సెక్షన్ అన్నది దీన్నే. అందులో ఇంటిపేరు ప్రస్తావనే లేదు. డబ్బు ఒక నెల అటూ ఇటూ కావడం చాలామంది విషయంలో జరిగేదే, దానికి కంగారు పడనక్కర్లేదు. "ఇక ఇవ్వను" అన్నాక మాత్రం ఊరుకోకండి. మీ ఆర్డరు ఈ సెక్షన్ కింద వచ్చినదైతే, ఏ నెల బాకీకైనా ఏడాదిలోగా పిటిషన్ వేయాలి. గడువు దాటితే ఆ నెల డబ్బును వారంటుతో రాబట్టే దారి మూసుకుపోతుంది. ఆయన పెట్టిన మెసేజ్ చెరిపేయకుండా దాచండి, మీ వకీలుకు అది పనికొస్తుంది.

ప్రశ్న: నాకు ఒక్క మాట కూడా చెప్పకుండా మా బాబు ఇంటిపేరును వాళ్లమ్మ మార్పించింది. కోర్టు ఆర్డరు ప్రకారం నెలకు ఎనిమిది వేలు కడుతున్నాను. వాడు ఇంకా మావాడేనా అనిపిస్తోంది. కట్టడం ఆపేస్తే తప్పా?
- ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మీ మనసు ఎంత నొచ్చుకుందో మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. మన ఇళ్లలో ఇంటిపేరంటే తాతముత్తాతల గుర్తు. అయినా వాడు మీవాడే, ఏ కాగితమూ దాన్ని మార్చలేదు. దయచేసి డబ్బు ఆపకండి. ఆర్డరు అమల్లో ఉండగా కట్టకపోతే ఒక్కో నెల బాకీకి నెల రోజుల దాకా జైలు పడవచ్చు, ఇంటిపేరు మార్చారన్న కారణం అక్కడ చెల్లదు. ఇంటిపేరు మీద అభ్యంతరం ఉంటే దాన్ని విడిగా కోర్టులో అడగవచ్చు. కోర్టు అక్కడ చూసేది బిడ్డ మేలునే. కూతురు తన ఇంటిపేరే పెట్టుకోవాలని తండ్రి శాసించలేడని 2021లో ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో తేల్చింది. నన్నడిగితే ఆ శక్తినీ, ఆ ఖర్చునూ బాబుతో గడిపే రోజులు అడగడానికి పెట్టండి. వాడికి కావలసింది అదే.

ప్రశ్న: మళ్లీ పెళ్లి చేసుకున్నాను. ఇంట్లో అందరిదీ ఒకే పేరుంటే బాబు స్కూల్లో ఇబ్బంది పడడని ఇప్పటి మావారి ఇంటిపేరు పెట్టాలనుకుంటున్నాం. మొదటి భర్త తరఫువాళ్లు, "ఇక వాడి ఖర్చంతా కొత్త తండ్రిదే" అంటున్నారు. ఆయన మీద భారం మోపినట్టవుతుందా?
- పేరు రాయలేదు, విశాఖపట్నం

జవాబు: భయపడకండి, ఇంటిపేరు మార్చినంత మాత్రాన ఆ భారం చేతులు మారదు. మీరు మళ్లీ పెళ్లి చేసుకున్నందున మీకు వచ్చే మనోవర్తి ఆగవచ్చు గానీ బాబుకు రావలసింది ఆగదు. బాధ్యతను నిజంగా మార్చేది దత్తత. 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టం ప్రకారం మీవారు బాబును దత్తత తీసుకుంటే, ఆ రోజు నుంచి అన్ని విధాలా ఆయనే తండ్రి. కన్నతండ్రి పోషణ బాధ్యత అక్కడితో ఆగుతుంది. అందుకే కన్నతండ్రి బతికి ఉండగా, అరుదైన సందర్భాల్లో తప్ప, ఆయన సమ్మతి లేకుండా దత్తత ఇవ్వడానికి వీల్లేదు. దత్తత మంచిదా కాదా అన్నది మీ కుటుంబం నింపాదిగా కూర్చుని తేల్చుకోవలసిన మాట, అది తొందరపడి చేసే పని కాదు. ఇంటిపేరు కోసమని చెప్పి ఎవరైనా ఇచ్చిన కాగితంలో దత్తత అన్న మాట కనిపిస్తే మాత్రం అక్కడే ఆగి వకీలుకు చూపించండి. ఇంకో మాట, దత్తత జరగకుండా బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరును మార్చే ప్రయత్నం చేయకండి. రేపు బాబు హక్కు అడగాల్సి వస్తే ఆధారం అదే.

ప్రశ్న: మావారు పోయారు. మళ్లీ పెళ్లయింది. బాబు ఇంటిపేరు మారిస్తే తాతగారి కుటుంబంతో సంబంధం తెగినట్టేననీ, తండ్రి ఆస్తిలో వాటా రాదనీ మా పాత అత్తగారు అంటున్నారు. నిజమేనా?
- ఒక సోదరి, రాజమహేంద్రవరం

జవాబు: నిజం కాదమ్మా. తండ్రి వీలునామా రాయకుండా పోతే, ఆయన పోయిన రోజే ఆ ఆస్తిలో బాబుకు వాటా వచ్చేసింది. ఇంటిపేరు మారినా, తర్వాత దత్తత వెళ్లినా ఆ వచ్చిన వాటా పోదు. ఇలాంటి గొడవే మన ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తండ్రి పోయాక బిడ్డకు సహజ సంరక్షకురాలు తల్లే కాబట్టి ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఆమెదేనని 2022 జూలైలో ఆ కోర్టు తీర్పు చెప్పింది. రికార్డుల్లో కొత్త భర్తను సవతి తండ్రి అని రాయాలన్న కింది కోర్టు ఆదేశాన్ని, అది పిల్లవాడి మనసును ఎంత గాయపరుస్తుందో ఆలోచించలేదంటూ గట్టిగా తప్పుపట్టింది.

ప్రశ్న: డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. 18 నిండగానే గెజిట్‌లో అమ్మ ఇంటిపేరుకు మార్చుకున్నాను. నాన్న ఫీజు కట్టనంటున్నారు. నా తప్పేనా?
- ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: తప్పేమీ లేదమ్మా, అది నీ హక్కు. ఇక్కడ చిక్కు పేరుతో కాదు, వయసుతో. వైకల్యం ఉంటే తప్ప 144వ సెక్షన్ మైనర్లకే వర్తిస్తుంది. అయితే పెళ్లి కాని, తనను తాను పోషించుకోలేని కూతురిని 18 దాటాక కూడా తండ్రి చూడాలని హిందూ దత్తత, పోషణ చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. సుప్రీంకోర్టు 2020లో ఆ హక్కును గుర్తించింది. దానికి విడిగా దావా వేయాలి.

ప్రశ్న: మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. మనవడి ఇంటిపేరు మార్చమని అక్కడి కోర్టును అడుగుతోంది. పిల్లాడి తండ్రి జీతంలోంచి వచ్చే డబ్బు ఆగుతుందా?
- ఒక అమ్మమ్మ, విజయవాడ

జవాబు: ఆగదండీ, నిశ్చింతగా ఉండండి. టెక్సస్‌లోనూ పేరు మార్పు వేరు, చైల్డ్ సపోర్ట్ వేరు. మామూలుగా 18 నిండేదాకా, అప్పటికి హైస్కూల్ పూర్తి కాకపోతే పూర్తయ్యేదాకా ఆ డబ్బు వస్తుంది.

ప్రశ్న: "ఇంటిపేరు మార్చుకో, నేను అడ్డు రాను. కానీ పాప కోసం ఇక పైసా అడగనని బాండు పేపరు మీద రాసివ్వు" అంటున్నారు పాప తండ్రి. పెద్దమనుషులు కూడా సంతకం పెట్టేయమంటున్నారు. రేపు ఆదివారం పంచాయితీ.
- ఒక తల్లి, కర్నూలు జిల్లా

జవాబు: ఇలాంటి బేరాలు పెట్టడం మామూలే, మీ ఒక్కరికే వచ్చిన కష్టం కాదు. ఆ సంతకం మాత్రం పెట్టకండి. ఆ డబ్బు పాపది, వదులుకునే హక్కు మీకు గానీ పెద్దమనుషులకు గానీ లేదు. ఒత్తిడిలో ఇప్పటికే పెట్టేసి ఉన్నా కుంగిపోకండి, అలాంటి కాగితం పాప హక్కును ఆపలేదు. ఆదివారం లోపే 15100కు ఫోన్ చేయండి. ఆదాయం ఎంతన్నది అడగకుండా ఆడవాళ్లకూ పిల్లలకూ న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.