నేలపై అయస్కాంతపు అదురు, అంతరిక్షమున అలజడి

అనంతపురము పీఠభూమిలో ఏటికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. కావున బోరు వేయదలచిన రైతునకు భూగర్భమున నేమున్నదో తెలియుట మిక్కిలి అవసరము. ఇచ్చటి గ్రానైటు, నైసు శిలలను చీల్చుకొని డోలరైటు అను నల్లరాతి గోడలు పెక్కులు నిలిచియున్నవి. వీనిని డైకులందురు. పగుళ్లు లేని డైకు భూగర్భజలమునకు అడ్డుకట్ట వంటిది. దాని కొక ప్రక్క బావిలో నీరుండి, ఆవలి ప్రక్క బావి ఎండియుండవచ్చును. డోలరైటులో అయస్కాంత గుణముగల ఇనుప ఖనిజముండుటచే మాగ్నెటోమీటరుతో డైకు జాడ తీయుదురు. కొబ్బరికాయను అరచేత నిలిపి నీరు చూపువారి సంగతి వేరు.

అయితే ఇందొక చిక్కు గలదు. యంత్రమును కదల్పక ఒకేచోట నుంచినను అందలి అంకె నిలువదు. అనంతపురమున భూమి అయస్కాంతబలము 40 వేల నానోటెస్లాలకు పైబడియుండును. అది పగటివేళ కొన్ని పదుల నానోటెస్లాలు మారును. ఆ మార్పుపై మరల, కొన్ని సెకండ్లకొకసారి, ఒక నానోటెస్లా పాటి సన్నని అదురు కానవచ్చును. ఈ అదురునకు మూలము నేలలో లేదు.

సూర్యుని నుండి విద్యుత్కణముల గాలి సెకండుకు సుమారు 400 కిలోమీటర్ల వేగముతో ఎడతెగక వీచుచున్నది. భూమి అయస్కాంతక్షేత్రము దానిని సూర్యుని వైపున సుమారు 60 వేల కిలోమీటర్ల దూరముననే నిలువరించుచున్నది. ఆ అడ్డునకు ముందు అలలు పుట్టి, లోనికి వచ్చి, అయస్కాంత బలరేఖలను తంబురా తీగలవలె కదల్చును. పగటిపూట 10 మొదలు 45 సెకండ్లకొకసారి వచ్చు అదురులలో పెక్కు ఇట్టివే. సూర్యవాయువులోని అయస్కాంతబలము 5 నానోటెస్లాలైనచో అదురు సుమారు 33 సెకండ్లకొకసారి వచ్చును. 10 అయినచో సుమారు 17 సెకండ్లకే వచ్చును. అనగా నేలపై కూర్చుండి అదురులను లెక్కించువాడు అంతరిక్షపు బలమును అంచనా వేయగలడు! రాత్రివేళ మరియొక రకము గలదు. భూమికి వెనుక తోకవలె సాగిన క్షేత్రము కూడబెట్టిన శక్తిని ఒక్కసారిగా విడిచినపుడు అది పుట్టి, కొద్దిసేపటిలో అణగిపోవును.

హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1964 నుండి ఇట్టి మార్పులను నమోదు చేయుచున్నది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుండి పంపబడిన ఆదిత్య-ఎల్1 నౌక భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున సూర్యవాయువును కొలుచుచున్నది. అచ్చట కొలిచిన గాలి సుమారు ఒక గంటకు భూమిని చేరును. ఆ కొలతను నేలమీది రికార్డుతో సరిపోల్చిన, ఏ అలజడికి ఏ అదురు ఫలమో తేలును. 2024 మే 10న వచ్చిన అయస్కాంత తుఫానులో భూతలమున మార్పు వందల నానోటెస్లాలకు చేరినది.

డైకు చూపు తేడాయు తరచుగా పదులు, వందల నానోటెస్లాలే. కావున తుఫాను దినమున పొలములో తీసిన కొలత లేని డైకును చూపవచ్చును, ఉన్నదానిని దాచనూ వచ్చును. అందువలన సర్వే చేయువారు ఒక యంత్రమును పొలములో త్రిప్పుచు, రెండవదానిని దగ్గరలో ఒకేచోట నిలిపి, దాని మార్పును మొదటిదాని కొలత నుండి తీసివేయుదురు. తుఫానున్న దినములలో పని ఆపుదురు. డైకు దొరికినంత మాత్రమున నీరు దొరికినట్లు కాదు. దాని ప్రక్కల విద్యున్నిరోధ పరీక్ష చేసిన పిదపనే బోరు చోటు నిర్ణయింపవలెను. మీ పొలమునకు సర్వేవారు వచ్చినపుడు, రెండవ యంత్రమెచ్చట నుంచినారో అడుగుడు.