ఆరు ముక్కల ప్లేటు నీకెందుకురా?

చిన్నా,

ఫొటో పంపి "ఇది తీసుకోనా బాబాయ్" అన్నావు. వద్దు. ఆరు సిరామిక్ ముక్కలు బిగించిన ఆ క్లచ్ ప్లేటు డ్రాగ్ రేసుల కోసం పుట్టింది. అక్కడ పెడల్ వదిలీ వదలగానే పట్టెయ్యాలి. నువ్వు పొద్దున్నే డాలస్‌లో హైవే 75 మీద హాఫ్ క్లచ్‌తో పాకుతావు. అది అలా పాకనివ్వదు. పడితే గుంజుతుంది, లేకపోతే వణుకుతుంది. వచ్చే నెల మీ అమ్మ అక్కడికొచ్చి పక్క సీట్లో కూర్చుంటుంది, అదీ గుర్తుంచుకో.

ఫోర్త్ గేర్లో 2,500 దగ్గర గట్టిగా తొక్కితే టాకో ముల్లు లేస్తోంది, స్పీడు మాత్రం పెరగట్లేదు అని రాశావు. అది క్లచ్ జారడమే. నీ గోల్ఫ్ జీటీఐకి కంపెనీ ఇచ్చిన టార్కు 350 న్యూటన్ మీటర్లు. స్టేజ్ 1 సాఫ్ట్‌వేర్ ఎక్కించి దాన్ని 400 దాటించావు. టర్బో బండి టార్కంతా కింది ఆర్‌పీఎంలోనే ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. ఫస్ట్, సెకండ్ గేర్లలో ఇంజను ఆ దశ చిటికెలో దాటేస్తుంది. పై గేర్లో అక్కడే నిలబడి నెడుతుంది, బూస్ట్ పూర్తిగా నిండుతుంది, ప్లేటు చేతులెత్తేస్తుంది. హార్స్‌పవర్ అంకె చూసి క్లచ్ కొనకూడదు, క్లచ్ మోసేది టార్కుని. ట్యూన్ వేయించకముందు అడగాల్సిన మాట ఇది, వేయించాక అడిగావు!

ఇక మీ బాబాయికి ప్రాణమైన విషయం. ఏ క్లచ్ చూసినా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: దీని పట్టు నొక్కుడు నుంచి వస్తోందా, గరుకు నుంచి వస్తోందా? క్లచ్ మోసే టార్కు అంటే రాపిడి గుణకం, ప్రెషర్ ప్లేటు బలం, ప్లేటు సగటు వ్యాసార్ధం, రెండు ముఖాలు, ఇవన్నీ గుణిస్తే వచ్చేది. లెక్క కోసం 0.3 గుణకం, 700 కిలోల నొక్కుడు, 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం అనుకో. దాదాపు 410 న్యూటన్ మీటర్లు వస్తుంది. నొక్కుడు 30 శాతం పెంచితే 535. నొక్కుడు ముట్టుకోకుండా 0.4 గుణకం ఉన్న సిరామిక్ వేస్తే 550. కాగితం మీద రెండూ దాదాపు ఒకటే. కాలి కింద మాత్రం పూర్తిగా వేరు.

నొక్కుడు పెంచితే పెడల్ బరువెక్కుతుంది, కానీ ఆర్గానిక్ ప్లేటు మెత్తగానే పడుతుంది. గరుకు పెంచితే పెడల్ తేలికే, పట్టు మాత్రం మొరటు. రోజూ తిరిగే బండికి మొదటిదే మేలని మీ బాబాయి నమ్మకం, అదీ అతి చెయ్యకుండా. పెడల్ తొక్కిన ప్రతిసారీ ఆ బలం క్రాంక్‌ని ముందుకి నెడుతుంది, థ్రస్ట్ బేరింగ్ దాన్ని ఓర్చుకోవాలి. 1990ల చివరి మిత్సుబిషి ఎక్లిప్స్ టర్బోల్లో క్రాంక్ ముందుకీ వెనక్కీ ఆడే జబ్బు పేరుమోసింది. దాని కారణం మీద వాదన ఇంకా తెగలేదు, కానీ మితిమీరిన ప్రెషర్ ప్లేట్ల మీదా వేలు చూపించారు. నీ టార్కు మీద పాతిక శాతం మిగులు చాలు, 500–550 మోసేది చూడు. సిగ్నల్ దగ్గర పెడల్ తొక్కిపట్టి కూర్చునే అలవాటు మాను. న్యూట్రల్ చేసి కాలు తియ్యి.

ఫ్లైవీల్ తేలిక చెయ్యాలన్న ముచ్చట కూడా లెక్కకి నిలబడాలి. ఇరుసు నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో 5 కిలోలు తీసేశావనుకో. ఇంజను పన్నెండు చుట్లకి చక్రం ఒక చుట్టు తిరిగే ఫస్ట్ గేర్లో, కారులో 70 కిలోలు దించినంత లాభం. ఫోర్త్ గేర్లోకి వచ్చేసరికి అది 8 కిలోలు. పద్నాలుగు వందల కిలోల బండికి 8 కిలోలు! ఇందుకోసం నీ డ్యుయల్ మాస్ ఫ్లైవీల్ తీసేస్తానంటున్నావు. నాలుగు సిలిండర్ల ఇంజను ప్రతి చుట్టుకీ రెండు దెబ్బలు కొడుతుంది. డ్యుయల్ మాస్‌లోని రెండు చక్రాల మధ్యనున్న స్ప్రింగులు ఆ దెబ్బల్ని గేర్‌బాక్స్ దాకా పోనివ్వవు. అది తీసి తేలికపాటి ఒంటి చక్రం వేస్తే న్యూట్రల్లో గేర్లు గలగలమంటాయి. క్రాంక్ వేగంలో ఊగిసలాట పెరిగి, ఈసీయూ లేని మిస్‌ఫైర్‌ని ఉందనుకునే ప్రమాదమూ ఉంది. స్ప్రింగుల ఆట హద్దులో ఉంటే పాతదే ఉంచు, దాటితే కొత్త డ్యుయల్ మాస్ కొను.

ఇదంతా మీ బాబాయి పుస్తకంలో చదివి చెప్పడం లేదు. 1980లలో విజయవాడ ఆటోనగర్‌లో, షోలవరం రేసులకి వెళ్తున్న స్నేహితుడి ప్రీమియర్ పద్మిని ఫ్లైవీల్‌ని మీ బాబాయే లేత్ మీదకి ఎక్కించాడు. పోత ఇనుము. కొలత కంటితోనే, బ్యాలెన్సింగ్ లేదు. తగ్గిన బరువు చూసి రాత్రంతా మురిసిపోయాడు. మర్నాడు బండి సిగ్నల్ దగ్గర ఆగినచోటల్లా ఆఫ్ అయింది. రెండు రోజులకి ఏదో వణుకు మొదలైంది. గేర్‌బాక్స్ దింపి చూస్తే బోల్టు రంధ్రం నుంచి బయటికి వెంట్రుకంత పగులు. వేలు పెట్టి తడిమితే గోరుకి తగిలింది. స్నేహితుడు అప్పటికే పెట్టె సర్దుకుని ఉన్నాడు. ఆ ఏడాది రేసుకి వెళ్లలేదు. ఆ పగులుతో ఇంకో పది వేల చుట్లు తిరిగి ఉంటే ఏమయ్యేదో మీ బాబాయికి ఇప్పటికీ తలపుకొస్తుంది.

పోత ఇనుము నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే విరుగుతుంది. చక్రం తిరిగేకొద్దీ దానిలోని లాగుడు వేగం వర్గంతో పెరుగుతుంది. 6,000 నుంచి 7,000కి వెళ్తే 36 శాతం ఎక్కువ. తిరిగే లోహం పేలితే ఏమవుతుందో డ్రాగ్ రేసర్ డాన్ గార్లిట్స్‌ని చూస్తే తెలుస్తుంది. 1970 మార్చిలో కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో ఆయన ముందున్న ట్రాన్స్‌మిషన్ పేలి కుడి పాదంలో కొంత భాగం పోయింది. ఆ తర్వాతే ఆయన ఇంజను వెనక పెట్టిన డ్రాగ్‌స్టర్ కట్టాడు, మిగతావాళ్లూ ఆ దారే పట్టారు. ఎప్పటికైనా ఒంటి చక్రమే కావాలంటే ఉక్కుది, రేసు భాగాల భద్రతకిచ్చే ఎస్ఎఫ్ఐ 1.1 ముద్ర ఉన్నది, ఏడెనిమిది కిలోలకి తగ్గనిది తీసుకో. అప్పుడు క్లచ్ ప్లేటు మధ్యలో స్ప్రింగులు తప్పనిసరి.

బిగించే రోజు ఫ్లైవీల్ బోల్టులు కొత్తవే వేయించు, పాతవి ఒకసారి సాగిపోయి ఉంటాయి. రిలీజ్ బేరింగ్ మార్పించు. క్రాంక్ వెనక ఆయిల్ సీల్ చెమ్మగా ఉంటే అదీ మార్చేదాకా గేర్‌బాక్స్ ఎక్కించనివ్వకు, నూనె చుక్క పడితే కొత్త ప్లేటు కూడా జారుతుంది. తర్వాత 800 కిలోమీటర్లు ఊళ్లో మెల్లగా తిప్పు, అందాకా ఫుల్ బూస్ట్ జోలికి పోకు.

పాత ప్లేటు షాపులో వదిలెయ్యకు. రెండు వైపులా ఫొటోలు తియ్యి, ఫ్లైవీల్ ముఖం మీద నీలం మచ్చలుంటే వాటినీ తియ్యి. ఆదివారం మీకు పొద్దున, మాకు రాత్రి. అప్పుడు ఫోన్ చెయ్యి, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ బాబాయి