వీకెండ్‌కి ఒక గుంజ పాతండి

సోమవారం ఉదయం కంపెనీ బస్సులో పక్క సీటతన్ని అడగండి. "నిన్నేం చేశావు?" జవాబు మీకు ముందే తెలుసు. "ఏముంది అన్నా, అట్లే అయిపోయింది." హోసూరు సిప్‌కాట్ గేటు దగ్గర ఇదే మాట. అత్తిబెలె దాటి ఎలక్ట్రానిక్ సిటీకి పోయేవాళ్ల నోటా ఇదే మాట. కృష్ణగిరిలో షాపు నడిపేవాళ్లూ ఇదే అంటారు.

మీరు మాత్రం ఈ వారం నుంచి ఆ మాట మానేస్తున్నారు.

లెక్క వేద్దాం. శనివారం సాయంత్రం 6కి డ్యూటీ దిగారు. సోమవారం ఉదయం 6కి బస్సు. మధ్యలో 36 గంటలు. రెండు రాత్రుల నిద్రకు 16 తీసేయండి. ఇంకా 20 గంటలు మీవే! శనివారం కూడా సెలవైతే ఇంకా ఎక్కువ. కాబట్టి టైమ్ లేదని అనకండి. టైమ్ బోలెడంత ఉంది.

మరి ఎందుకు చేజారుతోంది? ఎందుకంటే ఆ 20 గంటల్లో మీరు పెట్టుకున్న ప్రతి పనినీ జరపొచ్చు. బట్టలు సాయంత్రం ఉతకొచ్చు. బండి సర్వీసు వచ్చే వారం చేయించొచ్చు. అమ్మకు రాత్రి ఫోన్ చేయొచ్చు. అన్నిటినీ జరపగలిగినప్పుడు అన్నీ జరుగుతూనే పోతాయి. ఆదివారం రాత్రి 10కి చూసుకుంటే పనీ కాలేదు, విశ్రాంతీ దొరకలేదు.

మందు ఒక్కటే. ఎవరూ జరపలేని ఒక పనిని వీకెండ్ మధ్యలో పెట్టండి. కల్లం నడుమ గుంజ పాతితేనే ఎద్దులు దాని చుట్టూ తిరుగుతాయి, గింజ రాలుతుంది. మీ రెండు రోజులకూ అలాంటి గుంజ ఒకటి కావాలి.

ఆ పనికి మూడు లక్షణాలు ఉండాలి. గంట కొట్టినట్టు కచ్చితమైన టైమ్ ఉండాలి. అక్కడ మీకోసం మనుషులు ఎదురుచూస్తూ ఉండాలి. అందులో డబ్బు ఉండకూడదు, ఎందుకంటే డబ్బు ఉంటే అది ఇంకో డ్యూటీ అయిపోతుంది.

నాకు తెలిసినంతలో ఈ మూడింటికీ సరిగ్గా సరిపోయే పని ఒకటుంది. పరుగుపందెంలో వాలంటీర్‌గా టైమ్ చూడటం.

వాచీల ఊళ్లో ఉన్నారు మీరు

నవ్వకండి. 1984లో టాటా గ్రూపూ తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి టైటాన్‌ను పెట్టినప్పుడు వాచీ ఫ్యాక్టరీకి ఎంచుకున్నది హోసూరునే. చుట్టుపక్కల పల్లెల కుర్రాళ్లను, అమ్మాయిలను తీసుకుని ఆ పని నేర్పించారు. 2002లో వచ్చిన టైటాన్ ఎడ్జ్ లోపలి యంత్రం మందం 1.15 మిల్లీమీటర్లు! క్వార్ట్జ్ వాచీలో చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ లెక్క తప్పకుండా చూసే చేతులు ఈ గాలిలో, ఈ నీళ్లు తాగి పెరిగినవే. కచ్చితత్వం పుట్టుకతో వచ్చే గుణం కాదు. నేర్చుకుంటే వస్తుంది. మీకూ వస్తుంది.

వాచ్ పట్టుకునే మనిషి కోసం ఎవరు చూస్తున్నారంటారా? ప్రతి స్కూల్లో పీటీ సార్ చూస్తున్నారు. స్పోర్ట్స్ డే అన్నా, జోనల్ మీట్ అన్నా ఆయనకు మనుషులు చాలరు. కంపెనీలు, కాలేజీలు, అపార్ట్‌మెంట్ సంఘాలు పెట్టే 5కే, 10కే పరుగుల వాళ్లూ చూస్తున్నారు. హైవే మీద బ్రెవేలు, అంటే గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ సవారీలు నడిపే క్లబ్బులకూ కంట్రోల్ పాయింట్‌లో కూర్చోవడానికి మనిషి కావాలి. 200 కిలోమీటర్ల బ్రెవేను 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేయాలి. రైడర్ చేతిలోని కార్డు మీద టైమ్ వేసేది మీలాంటి వాలంటీరే.

లండన్ బుషీ పార్కులో 2004 అక్టోబర్ 2న 13 మంది పరిగెత్తారు. ఆ చిన్న శనివారం పరుగే ఇవాళ పార్క్‌రన్ పేరుతో ఎన్నో దేశాల్లో ప్రతి వారం నడుస్తోంది. 5 కిలోమీటర్లు, రుసుము లేదు. వాచ్ పట్టేది, టోకెన్లు ఇచ్చేది, అందరికన్నా వెనక నడిచి వచ్చేది అంతా వాలంటీర్లే. వాళ్లకూ ఆఫీసులు ఉన్నాయి, ఇంట్లో ఉతకాల్సిన బట్టలు ఉన్నాయి.

గీత దగ్గర నిలబడితే ఏం నేర్చుకుంటారు

ఇక్కడ కొంచెం ఆగుదాం. అసలు శిక్షణ ఇదే.

చేతి వాచ్‌తో టైమ్ చూసేవాళ్లు పిస్టల్ శబ్దం విని నొక్కరు. పొగ చూసి నొక్కుతారు. ఎందుకు? శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లే పోతుంది. 100 మీటర్ల అవతల నిలబడ్డ మీకు అది చేరేసరికి సెకనులో మూడో వంతు దాకా పోతుంది. పందెం గెలుపోటములకు అది చాలా ఎక్కువ. మీ ఇంటి పనులకూ ఇదే సూత్రం వాడండి. పని కళ్లబడగానే మొదలుపెట్టండి. ఇంట్లోవాళ్లు మూడోసారి పిలిచేదాకా ఆగకండి.

ముగింపు గీత దగ్గర చూడాల్సింది తల కాదు, చెయ్యి కాదు. మొండెం గీతను తాకిన క్షణం నొక్కాలి. చప్పట్లు, అరుపులు, పక్కవాడి సెల్ఫీ, ఇవేవీ మీకు లేవు. కళ్లు గీత మీద, బొటనవేలు బటన్ మీద. ఫోన్ పట్టుకుని రెండు నిమిషాలు ఒక పేజీ చదవలేకపోతున్నామని బాధపడేవాళ్లు ఈ పనికి రండి. ఫోకస్ గురించి వంద వీడియోలు చూసినా రానిది ఇక్కడ ఒక్క ఉదయంలో తెలుస్తుంది.

మూడు వాచ్‌లు ఉంటే? రెండు కలిస్తే ఆ టైమే ఖాయం. మూడూ తేడాగా ఉంటే మధ్యది. రెండే వాచ్‌లు ఉండి అవి కలవకపోతే ఎక్కువ టైమ్ చూపించినదే లెక్క. ట్రాక్ మీద చేతి వాచ్ 11.32 చూపిస్తే 11.4 అని రాయాలి. పైకే సర్దాలి, కిందికి కాదు. అనుమానం వస్తే మనకు నచ్చిన అంకె రాసుకునే హక్కు ఎవరికీ లేదు.

ఈ నియమాన్ని మీ ప్లానింగ్‌లోకి తెచ్చుకోండి. మార్కెట్‌కు అరగంట పడుతుందనుకుంటే ముప్పావు గంట రాయండి. ఇల్లు శుభ్రం చేయడానికి గంట అనుకుంటే గంటన్నర రాయండి. మన అంచనాలు ఎప్పుడూ మనకు అనుకూలంగానే ఉంటాయి. పైకి సర్దండి. ఆదివారం సాయంత్రం కంగారు సగం పోతుంది.

పెద్ద పరుగుల్లో రన్నర్‌కు చిప్, గీత దగ్గర నేల మీద మ్యాట్ ఉంటాయి. మ్యాట్ దాటినప్పుడు చిప్‌ను యంత్రం చదువుతుంది. అయినా చిప్ పనిచేయని రన్నర్ కోసం ఒక మనిషి రన్నర్ల చొక్కాల మీది బిబ్ నంబర్లు వరసగా రాస్తూనే ఉంటాడు. ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు రాయాలి. కొత్తవాళ్లు ఈ రాసే పనితో మొదలుపెట్టడం మంచిది. వరస తప్పకుండా రాయగలిగితే నమ్మకం దానంతట అదే వస్తుంది.

పందెం పక్కన నిలబడేవాళ్ల వల్లే పందెం

విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి కథ ప్రతి వాలంటీరూ తెలుసుకోవాలి. 2020 జనవరిలో మూడబిదిరిలో జరిగిన ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ మీట్‌లో ఆమె 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో దాటింది. అప్పటికి జాతీయ రికార్డు అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పిన 13.38. మరి కొత్త రికార్డు రావాలి కదా? రాలేదు. అక్కడ ఆమెకు డోప్ టెస్ట్ జరగలేదు. అథ్లెటిక్స్ ఫెడరేషన్ తరఫున టెక్నికల్ డెలిగేట్ లేరు.

2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09. మళ్లీ లెక్కలోకి రాలేదు. వెనక గాలి సెకనుకు 2.1 మీటర్లు ఉంది. నిబంధన ప్రకారం 2.0 దాటకూడదు. ఆ మే నెలలో సైప్రస్‌లోని లిమస్సోల్‌లో 13.23 సెకన్లకు పరిగెత్తింది. అప్పుడు వచ్చింది రికార్డు.

ఆమె పట్టుదలను అందరూ మెచ్చుకుంటారు, మెచ్చుకోవాలి కూడా. నేను మిమ్మల్ని చూడమంటున్నది గీత పక్కన ఉన్నవాళ్లను. మొదటిసారి ఉండాల్సిన మనుషులు లేక ఒక అమ్మాయి కష్టం కాగితం ఎక్కలేదు. రెండోసారి గాలి కొలిచిన మనిషి 2.1 అంటే 2.1 అనే రాశాడు. మనసుకు కష్టమైనా అది సరైన పని. పరుగుల రాణి పి.టి. ఉషకు 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంస్యం 55.42, 55.41 మధ్య ఉన్న ఒక్క అంకెతో పోయింది. సెకనులో వందో వంతు. ఇలాంటి అంకెలను నమ్మకంగా రాసే మనుషులు ఉన్నారు కాబట్టే ఆటకు విలువ ఉంది.

రేపు బేరికెలోనో, తళిలోనో, సూళగిరిలోనో స్కూలు గ్రౌండ్‌లో చెప్పుల్లేకుండా పరిగెత్తే పిల్లకు సరైన టైమ్ చెప్పేది మీరే కావచ్చు. "నీది 13.9, పోయినసారి కన్నా బాగుంది" అని ఒక పెద్దమనిషి కాగితం చూసి చెబితే ఆ పిల్ల వచ్చే ఏడాది దాకా ఆ మాట మీద బతుకుతుంది.

మిగతాదంతా చుట్టూ సర్దుకుంటుంది

ఆదివారం ఉదయం 5.30కి గ్రౌండ్‌లో ఉండాలి. ఇంతవరకూ ఖాయం. ఇప్పుడు చూడండి, మిగతా గంటలు ఎలా వరసలోకి వస్తాయో.

శుక్రవారం రాత్రి 15 నిమిషాలు. ఒక కాగితం మీద మూడే మూడు ఇంటి పనులు రాయండి. పది రాయకండి. పది రాస్తే ఒక్కటీ కాదు.

శనివారం సాయంత్రం ఇంటికి రాగానే, సోఫాలో కూర్చోకముందే మెషిన్‌లో బట్టలు వేయండి. అది తిరుగుతుండగా రెండో పని ముగించండి. 9.30కి భోజనం అయిపోవాలి, 10కి ఫోన్ వేరే గదిలో ఉండాలి. పొద్దున్నే లేవాలి కాబట్టి పడుకుంటారు. ఇన్నాళ్లూ ఎవరు చెప్పినా చేయని పని ఇది!

హోసూరు చలి సంగతి మీకు తెలుసు. ఊరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. డిసెంబర్, జనవరిలో స్వెటర్ రాత్రే కుర్చీ మీద పెట్టుకోండి. పెన్నులు రెండు. నీళ్ల సీసా ఒకటి.

చిన్న పరుగులు 9లోపే ముగుస్తాయి. వచ్చే దారిలో రైతుల సంతకు వెళ్లండి, తమిళంలో ఉళవర్ సందై అంటారు కదా, అదే. బీన్స్, క్యాప్సికం, టమోటా, ఆకుకూరలు. వారానికి సరిపడా తెచ్చేయండి. 10 గంటలకు మీ ఆదివారంలో ఒక సేవ, ఒక సరుకుల పని అయిపోయాయి. మీ వీధిలో చాలామంది ఇంకా కాఫీ దగ్గరే ఉన్నారు.

మధ్యాహ్నం కడుపు నిండా తినండి. ముద్ద, పప్పు, ఊరుబిండి, మీ ఇష్టం. తర్వాత గంట నిద్ర. అలారం పెట్టుకుని, ఏ గిల్టూ లేకుండా. విశ్రాంతిని కూడా కాగితం మీద రాసుకున్నవాళ్లే నిజంగా విశ్రాంతి తీసుకుంటారు.

సాయంత్రం స్నేహితులది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. "మచ్చా, ఎక్కడైనా కలుద్దాం" అనే మెసేజ్‌కు ఓకే అనకండి. చోటు చెప్పండి, టైమ్ చెప్పండి. "5కి చంద్రచూడేశ్వర గుడి మెట్ల దగ్గర." "4.30కి కెలవరపల్లి డ్యామ్." కృష్ణగిరి వాళ్లైతే కేఆర్‌పీ డ్యామ్ పార్కు, లేదా కోట కొండ. ఇంకొంచెం తిరగాలనుంటే రాయకోట దుర్గం ఎక్కండి, రాజాజీ పుట్టిన తొరపల్లికి వెళ్లి ఆయన ఇల్లు చూసి రండి. మామిడి సీజన్ అయితే దారిలో తోతాపురి ముక్కలకు ఉప్పూ కారం అద్దుకుని తినండి. రెండు గంటలు మనస్ఫూర్తిగా కూర్చుంటే చాలు. అర్ధరాత్రి దాకా సాగే పార్టీ కన్నా ఈ రెండు గంటల స్నేహమే ఎక్కువ నిలబడుతుంది.

ఇంకో మెట్టు పైకి వెళ్లండి. ఆ స్నేహితుల్లో ఒకరిని వచ్చే రేస్‌కు తీసుకెళ్లండి. మీరు చదవండి, అతను రాస్తాడు. పక్కపక్కన నిలబడి ఒక పని చేసిన స్నేహానికి లోతు వస్తుంది.

8కి ఇంట్లో ఉండండి. అమ్మకు ఫోన్. సోమవారం చొక్కా ఇస్త్రీ. అంతే, పడుకోండి.

"నాకు కుదరదు" అంటున్నారా?

షిఫ్టులా? నెలకు ఒక్క ఆదివారం చాలు. ఆటలు రావా? వాచ్ పట్టడానికి పరిగెత్తడం రానక్కర్లేదు. చిన్నపిల్లలు ఉన్నారా? తీసుకెళ్లండి, గీత అవతల కూర్చుని చప్పట్లు కొడతారు. తమిళం అంతంత మాత్రమా? బిబ్ నంబర్లకు భాష లేదు.

ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. వస్తానన్నాక రాకపోవడం లేదు. మీరు రాకపోతే అక్కడ ఒక గీత ఖాళీగా ఉంటుంది, ఎవరో ఒకరి టైమ్ తప్పు పడుతుంది. ఆరోగ్యం బాగా లేకపోతే ముందు రోజే చెప్పండి, మీ బదులు ఒకరిని పంపండి.

సరే, ఇవాళ చేయాల్సింది ఇది. మీ ఇంటికి దగ్గర్లో ఉన్న స్కూలుకు వెళ్లండి. పీటీ సార్‌ను కలవండి. "సార్, మీ తర్వాతి మీట్ ఎప్పుడు? వాచ్ పట్టుకోవడానికి నేను వస్తాను" అని చెప్పి, ఆయన చెప్పిన తేదీని అక్కడే నిలబడి మీ ఫోన్‌లో అలారంతో సహా రాసుకోండి.